సహజ నీటి బుగ్గలో ఈత: నా అనుభవం

ఈత కొలనుల్లో చాలాకాలం ఈదిన తరువాత, భూమి లోపలి నుంచి తనంతట తానే ఉబికి వచ్చే మంచినీటి బుగ్గలో ఈదాలన్న కోరిక నాలో బలపడింది. చెరువులో, నదిలో ఈదడానికీ బుగ్గలో ఈదడానికీ ఉన్న తేడా, వెళ్లక ముందు నాకు పుస్తకజ్ఞానంగానే తెలుసు. వెళ్లి వచ్చాక ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను: బుగ్గ దగ్గరికి వెళ్లేవారు నీటిలో దిగడానికి ఎంత సిద్ధపడతారో, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికీ అంతే సిద్ధపడితే ఆ రోజు ఆనందం రెండింతలవుతుంది, ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. నేను తమ్ముడితోనూ, వాడి కూతురితోనూ కలిసి వెళ్లిన క్రమాన్ని మొదటి నుంచీ రాస్తున్నాను.

మేము ఎంచుకున్నది సున్నపురాతి నేలలో పుట్టిన బుగ్గ. ఈతకు ప్రసిద్ధి చెందిన బుగ్గలలో ఎక్కువ భాగం ఇలాంటి నేలలోనే కనిపిస్తాయి. వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) తనలో కలుపుకొని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు వేల సంవత్సరాల పాటు రాతి పగుళ్లలోకి ఇంకుతూ సున్నపురాతిని కరిగిస్తూ పోగా, భూమి కింద సొరంగాలూ గదులూ ఏర్పడతాయి. ఎత్తైన నేలలో ఇంకిన నీటి ఒత్తిడి, పల్లంలో రాయి తెరుచుకున్న చోట నీటిని పైకి నెడుతుంది. యంత్రమేదీ లేకుండా రాత్రింబవళ్లు నీరు పైకి రావడానికి కారణం ఇదే.

బుగ్గలను అవి ఇచ్చే నీటి పరిమాణాన్ని బట్టి ఎనిమిది తరగతులుగా విభజించే పద్ధతిని అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త ఆస్కార్ మైన్‌జర్ 1920లలో ప్రకటించారు. సెకనుకు వంద ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,830 లీటర్లు, అంతకు మించి నీరిచ్చేవి మొదటి తరగతివి. 2,500 ఘనపు మీటర్ల నీరు పట్టే ఒలింపిక్ ఈత కొలనును అలాంటి బుగ్గ పావుగంటలోపే నింపేస్తుంది. ఎనిమిదో తరగతి బుగ్గలు నిమిషానికి అర లీటరు నీరు కూడా ఇవ్వవు. మేము వెళ్లినది రెండో తరగతిది. ఈ తరగతి విషయం ముందే తెలుసుకోవడం వల్ల ఉపయోగం ఉంది. నీరు ఎంత ఎక్కువగా వస్తే, బుగ్గ నోటి దగ్గర, అంటే నీరు పైకి వచ్చే రాతి పగులు దగ్గర, ఎదురు తోపు అంత బలంగా ఉంటుంది, చిన్న పిల్లలను ఎంత దూరంలో ఉంచాలో దానిని బట్టి నిర్ణయించుకోవచ్చు.

బయలుదేరే ముందు అక్కడి నిర్వాహకులకు ఫోన్ చేశాను. ఈతకు అనుమతి ఉందా, కాపలా ఈతగాళ్లు ఉంటారా అన్నవి అందరూ అడిగే ప్రశ్నలే. వాటితో పాటు ఈమధ్య పెద్ద వాన పడిందా, పక్కనున్న నది పొంగి ఉందా అని కూడా అడిగాను. సున్నపురాతి నేలలో మట్టి వడపోసేది తక్కువ. గుంటల్లోంచీ పగుళ్లలోంచీ వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది కాబట్టి, పెద్ద వాన తరువాత బుగ్గ నీటిలో మురికీ సూక్ష్మక్రిములూ పెరిగే అవకాశం ఉంటుంది. నది బాగా పొంగినప్పుడు కొన్ని బుగ్గలలో ప్రవాహం తలకిందులై, నది నీరే బుగ్గ నోట్లోంచి లోపలికి పోతుంది. అలాంటి వేళ అక్కడ ఈదడం తెలిసి తెలిసి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఫోన్ ఎత్తినాయన ఓపికగా జవాబిచ్చారు. "వారం రోజులుగా వాన లేదండీ, నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాకపోతే పొద్దున్నే వచ్చేయండి. లోపల జనం నిండితే గేటు మూసేస్తాం, మళ్లీ ఎవరైనా బయటికి వస్తేనే కొత్తవాళ్లను వదులుతాం." ఈ మూసివేత పద్ధతిని విసుక్కునేవాళ్లను చూశాను. నా మటుకు అది చాలా అవసరమైన నియమమని అక్కడ అర్ధగంట గడపకుండానే తోచింది.

తీసుకువెళ్లినవి తక్కువే: ముక్కును కూడా కప్పే నీటి అద్దం, ఊపిరి గొట్టం, పాదాలకు రబ్బరు అడుగున్న తేలికపాటి బూట్లు, పాపకు లైఫ్ జాకెట్, పొడి తువ్వాళ్లు. ఒంటికి క్రీములు పూసుకోకుండా పొడుగు చేతుల ఈత చొక్కాలు వేసుకున్నాం. ఎండ నుంచి రక్షణ దొరుకుతుంది, నీటిలో కలిసేదీ ఏమీ ఉండదు.

గట్టు మీదికి చేరగానే నీటిలో దిగాలని ఎవరికైనా అనిపిస్తుంది. మేము మాత్రం కాసేపు కూర్చుని చూశాం. ఆ చూపే నాకు ఆ రోజు దక్కిన మొదటి లాభం. మడుగు అంచున నీరు రంగు లేనిదిగా, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంది. నడిమికి వెళ్లేకొద్దీ లేత ఆకుపచ్చగా, ఆ పైన చిక్కటి నీలంగా మారింది. నీరు సూర్యకాంతిలోని ఎరుపును త్వరగా పీల్చుకుంటుంది, నీలాన్ని మాత్రం చాలా లోతు దాకా పోనిస్తుంది. నీటిలో మట్టీ నాచూ లేనప్పుడే ఆ నీలం మన కంటిదాకా తిరిగి వస్తుంది. అంటే ఆ రంగు కంటికి ఇంపైనదే కాక, నీటి శుభ్రతకు ఒక గుర్తు కూడా.

అంత తేట నీరు లోతు విషయంలో కంటిని మోసం చేస్తుంది. పైనుంచి నిటారుగా చూస్తే నాలుగు మీటర్ల లోతు మూడు మీటర్లుగా కనిపిస్తుంది. వాలుగా చూస్తే ఇంకా తక్కువగా తోస్తుంది. "అక్కా, ఇక్కడ నడుము లోతే కదా, దూకేస్తాను. ఒక్కసారి మునిగితే చలి కూడా పోతుంది" అన్నాడు తమ్ముడు. "ముందు కాళ్లు తడుపుకోరా, ఊపిరి కుదుటపడ్డాక దిగుదువుగాని" అని ఆపాను. వాడు నడుము లోతు అనుకున్న చోట, దిగి చూస్తే నీరు వాడి ఛాతీ దాటింది.

చలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బుగ్గ నీటి వేడిమి సాధారణంగా ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి వేడిమికి దగ్గరగా ఉంటుంది, ఋతువులను బట్టి పెద్దగా మారదు. అమెరికాలోని ఫ్లోరిడా బుగ్గలు ఏడాది పొడవునా 20 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. టెక్సాస్‌లోని బాల్మొరియాలో, 1930లలో కొలనుగా కట్టిన శాన్ సాలమన్ బుగ్గల నీరు 22 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటుంది. కాగితం మీద ఈ అంకెలు హాయిగానే కనిపిస్తాయి. గదిలో 21 డిగ్రీలు సుఖమైన వేడిమే. నీరు మాత్రం గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నీరు బాగా చల్లగా ఉంటే, ముఖ్యంగా 15 డిగ్రీల లోపు, ఒక్కసారిగా మునిగినవారికి తమ ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే ఎంత ఈతగాడైనా ఉక్కిరిబిక్కిరి కావలసిందే. ఈ ఉధృతి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది కాబట్టి ఆ కాసేపూ కాలు అందే చోట నిలబడటమే దీనికి మందు. మేము దిగిన నీరు అంత చల్లనిది కాకపోయినా అదే క్రమం పాటించాం. చీలమండలు, మోకాళ్లు, నడుము తడిసే దాకా మెల్లగా దిగి, మెడ మీదా ముఖం మీదా నీళ్లు చల్లుకొని, మాట్లాడుతుంటే గొంతు వణకడం లేదని నిర్ధారించుకున్నాకే ఈత మొదలుపెట్టాం.

మడుగు మధ్యకు ఈదుతుంటే మొదట తెలిసింది నిశ్చలంగా కనిపించే నీటిలోని కదలిక. నోటికి దగ్గరవుతున్నకొద్దీ ప్రతి బారకూ ముందుకు సాగే దూరం తగ్గుతూ వచ్చింది. నీరు కింది నుంచి లేచి నలుదిక్కులకూ పరుచుకుంటుంది కాబట్టి, ఏ వైపు నుంచి వెళ్లినా ఎదురీతే. ఈ తోపుకు ఒక మంచి గుణం కూడా ఉంది: అలసిపోయి చేతులు ఆపేస్తే అది మనిషిని లోపలికి లాగదు, మెల్లగా అంచుకే చేరుస్తుంది. ఇది తెలిశాక నాకు భయం పూర్తిగా పోయింది.

నోటికి సరిగ్గా పైన బోర్లా తేలుతూ, అద్దంలోంచి కిందికి చూశాను. అడుగున రెండు రాతి పెదవుల మధ్య చీకటి పగులు, దాని పక్కన తెల్లని ఇసుక మీద పళ్లెమంత వెడల్పున ఒక చిన్న ఊట. ఆ చోట ఇసుక ఉడుకుతున్న గంజిలా పొంగి, రేణువులు జానెడు ఎత్తుకు లేచి, చుట్టూ రాలి, మళ్లీ నడిమికి జారి లేస్తున్నాయి. బరువైన రేణువులు అడుగునే దొర్లుతుంటే, గవ్వ తునకలు మాత్రం పలచగా ఉండటం వల్ల గిరగిర తిరుగుతూ అన్నింటికన్నా పైకి వస్తున్నాయి. నా పక్కనే జాకెట్‌తో తేలుతున్న పాప తల పైకెత్తి, "అత్తా, కింద ఎవరైనా ఊదుతున్నారా?" అని అడిగింది. దూరాన ఎత్తు మీద పడిన వాన ఇక్కడి నీటిని నెడుతోందని చెప్పాను. "ఎప్పుడు పడిన వాన?" అని మళ్లీ అడిగింది. సున్నపురాతి నేలలో ఆ ప్రయాణం కొన్నిచోట్ల రోజుల్లో ముగుస్తుంది, కొన్నిచోట్ల ఏళ్లూ దశాబ్దాలూ పడుతుంది. ఒకే బుగ్గలో కొత్త నీరూ పాత నీరూ కలిసి రావచ్చు. తను పుట్టకముందు పడిన వాన కూడా అందులో ఉండవచ్చని చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నాకూ కలిగింది.

అక్కడ నేను గమనించిన మరో సంగతి, పైనా కిందా నీటి చల్లదనం ఒకేలా ఉండటం. చెరువుల్లో ఎండాకాలం పైపొర గోరువెచ్చగా ఉండి, కాస్త మునిగితే కాళ్లకు చలి తగులుతుంది. బుగ్గ మడుగులో నీరు నిలవదు కనుక అలాంటి పొరలు ఏర్పడే వీలు ఉండదు. ఈ నిరంతర ప్రవాహమే ఇంకో రక్షణ కూడా ఇస్తుంది. ముక్కు ద్వారా ప్రవేశించి మెదడును దెబ్బతీసే నెగ్లేరియా అనే అమీబా వెచ్చగా నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. అది సోకడం చాలా అరుదు. అయినా మడుగు అంచున ఎండకు వేడెక్కిన లోతు లేని మూలల్లో అడుగు బురదను కెలకవద్దని పాపకు చెప్పి, చల్లని పారే నీటిలోనే ఆడించాం.

రాతి పగులు లోపలికి తొంగి చూడాలన్న కోరిక అక్కడ ఎవరినీ వదలదు. లోపల గుహ ఉందనీ, శిక్షణ పొందిన గుహ ఈతగాళ్లు తప్ప ఎవరూ ప్రవేశించరాదనీ పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు. ఆ శిక్షణ పొందినవారు కూడా బయటి నుంచి తెగని తాడు వేసుకుంటూ వెళ్తారు. సిలిండరులోని గాలిలో మూడో వంతు లోపలికి వెళ్లడానికీ, మూడో వంతు తిరిగి రావడానికీ వాడి, మిగతా మూడో వంతు ఆపదకు దాచుకుంటారు. లోపల ఒక్కసారి కాలు తగిలి మెత్తటి ఒండ్రు లేస్తే ఎదుటి చెయ్యి కూడా కనిపించదు, తల ఎత్తితే గాలికి బదులు రాయి తగులుతుంది. ఇంత తెలిశాక ఊపిరి బిగబట్టి లోపలికి ఒక్క మూర దూరం వెళ్లాలని కూడా నాకు అనిపించలేదు. ఇదే సందర్భంలో ఇంకో మాట: ఎక్కువసేపు మునిగి ఉండటానికి ముందుగా గబగబా ఊపిరి తీసి వదిలే అలవాటు కొందరు కుర్రాళ్లలో ఉంది. అలా చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి తీయాలన్న హెచ్చరిక శరీరానికి సమయానికి అందదు. ప్రాణవాయువు అయిపోయి నీటిలోనే స్పృహ తప్పుతుంది. గట్టు మీదున్న కాపలా ఈతగాడు అలా చేస్తున్న ఇద్దరిని పిలిచి, కోప్పడకుండా, అర్థమయ్యేలా చెప్పడం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

మధ్యాహ్నం మడుగు నుంచి బయటికి పారే వాగులో గాలి నింపిన ట్యూబుల మీద తేలుతూ దిగువకు వెళ్లాం. నోటి దగ్గర చేపలు అంతగా కనిపించకపోవడం నాకు వింతగా తోచింది. చాలా కాలం భూమి లోపల చీకటిలో గాలి తగలకుండా ఉన్న నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. వాగులోకి వచ్చి ఎండా గాలీ తగిలేకొద్దీ అది పెరుగుతుంది. రిబ్బనుల వంటి పొడవాటి ఆకులున్న నీటి గడ్డి ప్రవాహం వాలుకు ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకుని ఉంది. ట్యూబు అంచున గడ్డం ఆన్చి దగ్గరగా చూస్తే, ఒక ఆకు మీద గోరంత నత్త మేస్తూ పోతోంది. అది దాటిన మేర ఆకు మెరుస్తోంది, దాటని మేర సన్నని గోధుమరంగు పొర ఉంది. ఎండ తగిలిన ఆకు అంచు నుంచి ఆవగింజల కన్నా చిన్న గాలి బుడగలు వరుసగా పైకి లేస్తున్నాయి. ఆకు తయారు చేస్తున్న ప్రాణవాయువే అది. ఆ గడ్డిలో కాళ్లు పెట్టి నిలబడవద్దన్న నియమం ఎందుకో అప్పుడు స్పష్టంగా తెలిసింది. పాదం కింద పడి వేరుతో లేచిపోయిన ఆకు కుచ్చులు ఒడ్డు వెంట తేలుతూ కనిపించాయి. మళ్లీ వేళ్లూనడానికి వాటికి ఎంతో కాలం పడుతుంది.

వాగు మలుపులో ఒకచోట మాత్రం నీటి గడ్డిని జుట్టు పోగుల్లాంటి నాచు కప్పేసింది. గట్టు మీది సమాచార ఫలకంలో దానికి కారణం రాసి ఉంది. పొలాల్లో చల్లిన ఎరువుల నుంచీ, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచీ నైట్రేట్ భూమిలోకి ఇంకి, చివరికి బుగ్గలో తేలుతుంది. అది నాచుకు బలమైన ఆహారం. ఫ్లోరిడాలో బుగ్గల నీటికి పెట్టుకున్న నైట్రేట్ హద్దు లీటరుకు 0.35 మిల్లీగ్రాములు. తాగునీటికి అనుమతించే పరిమాణం కన్నా ఇది ఎంతో తక్కువ. మనిషి తాగడానికి పనికొచ్చే నీరు కూడా బుగ్గలోని గడ్డినీ నత్తలనూ కాపాడటానికి చాలదన్న మాట. ఈ సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఎక్కడో ఇంకినది ఇంకెక్కడో తేలుతుందనడానికి జర్మనీలో 1877లో చేసిన ప్రయోగం చక్కని రుజువు. డాన్యూబ్ నది కొంత భాగం నేలలోకి ఇంకిపోయే చోట, ఆడాల్ఫ్ క్నాప్ అనే భూగర్భ శాస్త్రవేత్త టన్నుల కొద్దీ ఉప్పునూ, 10 కిలోల ఫ్లోరెసిన్ రంగునూ కలిపించారు. రెండు మూడు రోజుల్లో, దాదాపు 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ బుగ్గలో మెరిసే ఆకుపచ్చ రంగు నీరు పైకి వచ్చింది. అందుకే ఈతకు వచ్చినవారు చెత్త వేయకపోవడం అవసరమే గాని, దానితో పని పూర్తవుతుందని నేను అనుకోను. బుగ్గ ఆరోగ్యం ఎక్కువగా ఆధారపడేది, అది కనిపించనంత దూరంలో ఉన్న నేల మీద.

నీరు తగ్గిపోయే ప్రమాదం ఇంకా పెద్దది. టెక్సాస్‌లోని ఫోర్ట్ స్టాక్టన్‌లో కొమాంచీ బుగ్గలు ఒకప్పుడు జనం ఈదులాడిన చోటు. చుట్టుపక్కల వ్యవసాయానికి భూగర్భజలాన్ని విపరీతంగా తోడటంతో 1960ల ఆరంభానికి వాటి ప్రవాహం ఆగిపోయింది. ఇంకోవైపు న్యూజిలాండ్‌లో తే వైకోరోపుపూ బుగ్గలున్నాయి. సెకనుకు సుమారు 14,000 లీటర్ల నీరు వచ్చే ఆ మడుగులో కొలిచినప్పుడు చూపు 63 మీటర్ల దాకా ఆనింది. అక్కడి ఆదివాసులైన మావోరీ ప్రజలకు పవిత్రమైన ఆ నీటిని ఇప్పుడు ఎవరూ తాకకూడదు, గట్టు నుంచి చూడటం వరకే. అన్ని బుగ్గలకూ అలాంటి నిషేధం ఉండాలని నేను అనను. పాప నీటిలో దిగకపోయి ఉంటే ఆ ప్రశ్నలు అడిగేది కాదు. కానీ నిషేధం ఉన్నచోట దానిని సంతోషంగా పాటించాలనీ, అనుమతి ఉన్నచోట జనసంఖ్యకు హద్దు ఉండాలనీ మాత్రం నిశ్చయంగా నమ్ముతున్నాను.

నీటిలోంచి వచ్చేటప్పటికి పాప పెదవులు కొద్దిగా రంగు మారాయి. చల్లని నీటిలో ఆటలో పడ్డ పిల్లలు తమకు చలివేస్తోందని చెప్పరు, పెద్దలే చూసుకోవాలి. అందుకే మధ్యమధ్యలో ఎండలోకి తీసుకువచ్చి ఆరబెడుతూనే ఉన్నాం. ఒడ్డుకు చేరాక కూడా కాసేపు వణుకు పెరుగుతుంది, అది మామూలే. తడి బట్టలు వెంటనే మార్చి, పొడి తువ్వాలు చుట్టి కూర్చోబెడితే తగ్గిపోయింది.

వెళ్లే ముందు అద్దాలూ బూట్లూ ట్యూబులూ మంచినీటితో కడిగి, అంటుకున్న గడ్డి పోగులను ఏరి అక్కడి డబ్బాలోనే వేశాం. ఒక నీటిలోని మొక్క ముక్కో, కంటికి ఆనని నత్త పిల్లో ఇంకో నీటికి చేరితే అక్కడి జీవాలకు ముప్పు కావచ్చు. అందుకే ఆ సామాను పూర్తిగా ఆరే దాకా మరే చెరువుకూ తీసుకువెళ్లలేదు. గేటు దగ్గర నిర్వాహకుడిని నీటి పరీక్షల వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, నెలవారీ ఫలితాలు అంటించే పలక చూపించారు. ప్రవాహం, నైట్రేట్, సూక్ష్మక్రిముల అంకెలు అందులో వరుసగా ఉన్నాయి. అడిగేవాళ్లు తక్కువండీ అన్నారాయన. మళ్లీ వెళ్లేటప్పుడు టికెట్టు కన్నా ముందు ఆ పలక చదవాలని మేము ముగ్గురం అనుకున్నాం.